జ్ఞానప్రసూన గారి సాక్ష్యం

జ్ఞానప్రసూన గారు ఎనభైల్లో విజయవాడ ఆర్కెస్ట్రాలో డిస్కో పాటలు పాడేవారు. మెరుపుల ప్యాంటు, నుదుటి మీద రిబ్బను, వెనక డ్రమ్స్ మీద భర్త చక్రపాణి. ఆయన పోయాక ఆవిడ గొంతు మూగబోయింది. మూడేళ్ల తర్వాత మళ్లీ నోరు విప్పి పాడింది చర్చిలోనే. ఆవిడ భక్తిలో నటన లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

2005లో అమెరికాకి, ప్లేనోలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చారు. మా తెలుగు చర్చిలో పాట పాడే ముందు సాక్ష్యం చెప్పాలి, అంటే ప్రభువు దగ్గరికి ఎలా వచ్చారో నలుగురికీ వినిపించాలి. ఆవిడ డిస్కో సంగతి ఎత్తగానే హాలంతా ఆమెన్ అంది. స్టేజి అలవాటైన మనిషి, జనం ఊగుతుంటే ఆగుతుందా? ఇంకాస్త కారం చల్లారు. భర్త తాగొచ్చి కొట్టేవాడని అనేశారు.

చక్రపాణి గారు గోలీసోడా తప్ప ఏదీ ముట్టని మనిషి. తిరిగి వెళ్తుంటే ఆ సంగతి ఆవిడే నా కారులో చెప్పి ఏడ్చారు.

"ఎందుకన్నానో తెలీదు దెబోరా. నోరు జారాను."

అప్పట్నుంచి ఎడిసన్, క్యారీ, అమెరికాలో ఏ ఊళ్లో తెలుగువాళ్లు ప్రార్థన కూటం పెట్టినా ఆవిడకి పిలుపే. కరపత్రంలో పాట గురించి ఒక్క ముక్క ఉండదు, అంతా తాగుబోతు మొగుడే. ఆ కథ మానేసి ఊరికే పాడతానంటే మా పాస్టర్ ఏసుపాదం గారు ఒప్పుకునేవారు కాదు.

"సాక్ష్యం లేకుండా ఎలాగమ్మా? జనం అంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చేది దానికోసమే కదా."

పాడాలంటే చక్రపాణి గారిచేత మళ్లీ తాగించాలి. ఏడేళ్లు తాగించారు. నాకు ఒళ్లు మండేది. మండి నేను చేసిందేమిటి? రైడ్ ఇవ్వడం.

2012 ఈస్టర్ ఉదయం కారెక్కుతూనే, "ఇవాళ నిజం చెప్పేస్తాను. ఇక పాడనివ్వకపోయినా సరే" అన్నారు.

చర్చిలో మైకు అందుకున్నారు. "మా ఆయన తాగేవాడు కాదండీ. ఒక్క చుక్క కూడా. నా మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు."

ఏసుపాదం గారు లేచి, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"విన్నారా? ఆ చేదు జ్ఞాపకాన్ని కూడా ప్రభువు తుడిచేశారు! క్షమించడమంటే ఇదీ!"

"కాదు పాస్టర్ గారూ, నేనే అబద్ధం..." అని ఆవిడ అంటూనే ఉన్నారు. కీబోర్డు మొదలైపోయింది. హాలంతా ఒక్కసారిగా ఆమెన్ అంది. అలవాటు కదా, వాళ్లతో పాటు నేనూ అనేశాను.

ఆవిడ నావైపే చూస్తున్నారు.