పెద్ద ఇంజిన్, నా బ్రేకు కాలు

ఆ రోజుల్లో మేముండే షాంటిలీ ఊళ్లో డ్రైవింగ్ లైసెన్సు లేకపోతే కరివేపాకు కొనుక్కోవాలన్నా ఎవరో ఒకరిని బతిమాలుకోవాల్సిందే. నాకు అంతకన్నా పెద్ద చిక్కొచ్చి పడింది. ఎమ్మెస్ అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం బస్సు వెళ్లని చోట. సోమవారం చేరాలి, దానికి ముందు శుక్రవారం డ్రైవింగ్ టెస్టు. అప్పటికే ఒకసారి ఫెయిలయ్యాను (స్పీడు ఎక్కువన్నారు). ఈసారీ పోతే ఉద్యోగం మీద ఆశ వదులుకోవడమే.

టెస్టుకి తీసుకెళ్తానన్నది మా ఇంటి ఓనరు, తెనాలి ఆయన. అద్దెకున్న అమ్మాయిలమంతా చాటుగా ఆయన్ని ‘ఇంజిన్ అంకుల్’ అనేవాళ్లం. ఆయన గరాజ్‌లో అరవైల నాటి కారు ఒకటుండేది. ఆదివారాలు దాన్ని డ్రాగ్ రేసుకి తీసుకెళ్లి, పావు మైలు తిన్నగా ఉరికించి, ఆ సంతోషంతో వారమంతా బతికేవారు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌ విందులో ఎవరు దొరికినా అదే పాఠం. “కారు ఒకటేనమ్మా, కొనేటప్పుడు ఇంజిన్ మనం ఎంచుకోవాలి. సంసారులకి ఆరు సిలిండర్లది, కుర్రాళ్లకి ఎనిమిది సిలిండర్ల చిన్న వీ-ఎయిట్, నాలాంటి పిచ్చోళ్లకి పెద్ద వీ-ఎయిట్.” నేను పులిహోర తింటూ తలూపేదాన్ని.

శుక్రవారం పొద్దున ఆయన మామూలు కారు స్టార్ట్ కాలేదు. అంకుల్ మొహంలో బాధ కన్నా సంబరమే ఎక్కువ కనిపించింది. “పర్లేదమ్మా, అది ఉందిగా,” అని రేసు కారు బయటికి తీశారు. ఆ మోతకి కిటికీలు అదిరాయి.

టెస్టు చేసే పెద్దాయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఏ ఇంజినని అడిగాడు. పెద్దదేనని ఏడుపు గొంతుతో చెప్పాను. ఆయన బెల్టు ఇంకాస్త బిగించుకున్నాడు. ఆటోమేటిక్ గేరు బండి కదా, బ్రేకు మీంచి కాలు కొంచెం తీశానో లేదో, కారు దానంతటదే బయల్దేరింది. ఇంకేం, యాక్సిలరేటర్ జోలికే పోకుండా టెస్టంతా బ్రేకు మీదే నడిపాను. పసిపిల్లని కూర్చోబెట్టిన స్ట్రోలర్ బండి తోసుకుంటూ వెళ్తున్న ఒకావిడ మమ్మల్ని దాటి వెళ్లింది (పాపం, చెయ్యి కూడా ఊపింది). ఇలాంటి ఇంజిన్‌ని ఇంత ఓర్పుగా నడిపినవాళ్లని తన సర్వీసులో చూడలేదంటూ పెద్దాయన నన్ను పాస్ చేశాడు.

గేటు దగ్గర నిలబడి అంతా చూసిన అంకుల్ మాత్రం వచ్చి బానెట్ నిమిరారు. “పాసయ్యావు, సంతోషం. కానీ తల్లీ, దాని పరువు తీసేశావు,” అన్నారు.

ఇన్నేళ్లకి ఆయన మోకాళ్లు మొరాయించాయి. ఈ వసంతంలో రేసు రోజున తాళాలు నా చేతిలో పెట్టారు. నెరిసిన జుట్టు మీద హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాను. పచ్చలైటు పడింది, పక్క కారు దూసుకుపోయింది. నా కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. అద్దంలో చూస్తే వెనక అంకుల్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది. అప్పుడు యాక్సిలరేటర్ నొక్కాను.