మొదటి రౌండు దాటించిన మాస్టారు

మా కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ మాస్టారు గడిచిన బుధవారం చనిపోయారు. పొద్దున్న ప్రాక్టీసు చూసుకుని ఇంటికి వెళ్ళారట. టీ పెట్టమని చెప్పి కుర్చీలో కూర్చున్నారట. అమ్మగారు, అంటే ఆయన భార్య, గ్లాసు తెచ్చేసరికి ఆయన లేరు. నాకు ఆ కబురు ఆటోనగర్‌లో, మా వెల్డింగ్ షాపులో తెలిసింది. పాత జట్టు కెప్టెన్ ఫోన్ చేశాడు. "మాస్టారు ఎల్లిపోయారు బావా" అన్నాడు. చేస్తున్న గేటు సగంలో వదిలేసి షట్టరు దించేశాను.

మా కాలేజీ అన్నాను గానీ నేను అందులో చదవలేదు. ఏ కాలేజీలోనూ చదవలేదు. పదో తరగతి తప్పి వెల్డింగ్‌లోకి దిగినవాణ్ణి. మల్కాపురంలో మా ఇంటికీ ఆ కాలేజీకీ మధ్య ఒక ప్రహరీ గోడే అడ్డం. ఆ జట్టుకి నేను అభిమానిని. ఏటేటా ఓడిపోయే జట్టుకి కూడా అభిమాని ఉంటాడా అని నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఉంటాడు. నేనున్నాను.

ఆ సాయంత్రానికే కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ కట్టారు. "ఎన్నో విజయాలు అందించిన మహా శిక్షకుడు" అని రాయించారు. చూసి ఒళ్ళు మండింది. బతికున్నన్నాళ్ళూ ఆయన అడిగిన కొత్త బంతి ఇవ్వనివాళ్ళు రాయించిన మాట అది. పైగా అబద్ధం. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన ఎన్నో విజయాలు అందించలేదు. ఓటములు చాలా అందించారు. గెలుపు ఒక్కటి అందించారు. ఆ ఒక్కటీ ఎలా వచ్చిందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే అందులో నా వెధవపని కూడా కొంత ఉంది.

ఆయన్ని మొదట గోడ మీంచే చూశాను. పొద్దున్నే పనికి పోయేముందు గోడెక్కి కూర్చోవడం, ఆడేవాళ్ళని తిట్టడం నాకు అలవాటు. కోర్టంటే ఉత్త సిమెంటు గచ్చు. గాలి పోర్టు వైపు నుంచి మళ్ళిందంటే బొగ్గు పొడి వచ్చి పరుచుకుంటుంది. పావుగంట ఆడితే బంతీ అరచేతులూ ఒకే రంగు. ఒకరోజు ఒకడు రింగు కిందే నిలబడి కూడా బంతి బయటికేశాడు.

"ఒరే గుంటడా, రింగు పైనుందిరా, పక్కన లేదు!" అని అరిచాను.

జట్టంతా నా వైపు తిరిగింది. మాస్టారు నెమ్మదిగా గోడ దగ్గరికి నడిచి వచ్చారు. పొట్టి మనిషి. బాస్కెట్‌బాల్ నేర్పేవాడు అంత పొట్టిగా ఉంటాడని నేననుకోలేదు.

"ఏం పని చేస్తావు నువ్వు?" అన్నారు.

"ఎల్డింగండి."

"నీ షాపు ముందు నిలబడి నేనిలా అరిస్తే నీ అతుకు తిన్నగా వస్తుందా?"

"రాదండి."

"మరింకేం, లోపలికి రా. పక్కన కూర్చుని తిట్టు. అక్కణ్ణించి తిడితే సగమే వినబడుతోంది."

ఆ రోజు నుంచి నా చోటు కోర్టు పక్కనున్న సిమెంటు దిమ్మ. ఆట రూల్సు ఆయన చెప్పినవి కొన్ని, ఫోనులో చూసి నేర్చుకున్నవి కొన్ని. ఆయన పెద్దలది గోదావరి జిల్లా, నాన్నగారు పోర్టు ఉద్యోగానికని ఇక్కడికి వచ్చారట. ఆదివారం చర్చి. మిగతా ఆరు రోజులూ పొద్దున్న ఆరు కొట్టేసరికి గచ్చు మీద ఉండేవారు. మ్యాచ్ గట్టిగా నడుస్తుంటే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవారు. "బయట ఉంటే ఊపుతాను. ఊపితే పిల్లలు నన్ను చూస్తారు, బంతిని చూడరు" అనేవారు.

ఓడిపోయిన ప్రతిసారీ ఆయనది ఒకటే పద్ధతి. అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కణ్ణీ అడిగేవారు: "నువ్వు కాపలా కాసినవాడు నీకంటే ఏం బాగా చేశాడు?" జవాబు చెప్పేదాకా లేవనిచ్చేవారు కాదు. "ఆడు ఎత్తండి" అంటే ఒప్పుకునేవారు కాదు. "ఎత్తు వాళ్ళమ్మ ఇచ్చింది. వాడేం చేశాడో చెప్పు" అనేవారు. నాకు ఇది నచ్చేది కాదు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"మనల్ని సితగ్గొట్టినోడిని కూకుని పొగడ్డం ఏటి మాస్టారూ? సిగ్గులేదేటి మనకి?"

"కప్పు వాళ్ళు పట్టుకెళ్తారు కదరా. మనం మాత్రం వట్టి చేతులతో ఎందుకెళ్ళాలి?" అన్నారు.

రెండేళ్ళ కిందట కాలేజీకి కొత్త కరస్పాండెంట్ వచ్చాడు. వచ్చీ రాగానే కోర్టు చుట్టూ ఒకసారి తిరిగి, కాలేజీ బస్సులు నిలబెట్టడానికి ఇంతకంటే మంచి జాగా లేదన్నాడు. నేను దిమ్మ మీద ఉండగానే మాస్టారిని పిలిచి చెప్పాడు.

"ఈసారి కూడా టోర్నమెంటులో మొదటి రౌండులోనే ఇంటికొచ్చేస్తే జట్టు తీసేద్దాం మాస్టారూ. దాటితే ఉంచుదాం. లేదంటే ఇక్కడ బస్సులకి షెడ్డు వేయిస్తాను."

"అలాగేనండి" అన్నారు మాస్టారు.

అలాగేనండి! ఆ మనిషి అటు వెళ్ళగానే నేను ఇటు లేచాను. "అలగేనంటారేటి మాస్టారూ? ఎదురు మాటాడాలి గానీ! ఈ గచ్చు పోతే మనకింకేటుంది?"

"ఎదురు మాట్లాడితే మాటతోనే పోతుంది. దాటితే ఉంచుతానన్నాడుగా, దాటుదాం" అన్నారు. మొదటి రౌండు దాటడమంటే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి కూరగాయలు తేవడమంత తేలికన్నట్టు చెప్పారు.

ఆ వారమే ఒక రింగు ఊడి పడింది. సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము ఎన్నాళ్ళు ఆగుతుంది? తుప్పు తినేసింది. రెండోది కూడా వేలాడుతోంది. కొత్తవి అడిగితే ఆఫీసువాళ్ళు టోర్నమెంటు అయ్యాక చూద్దామన్నారు. "అయ్యాక ఏటి సూసేది, మీ బొంద" అని నేనే రెండూ చేసిస్తానన్నాను. మాస్టారు కొలత చెప్పారు, అడ్డంగా పద్దెనిమిది అంగుళాలు. లావుపాటి రాడ్డు తెచ్చి, వంచి, అతికి, అతుకు కనబడకుండా గ్రైండింగ్ పట్టి, రంగేసి పట్టుకొచ్చాను. నేను బోల్టులు బిగించాక మాస్టారు నిచ్చెనెక్కి, బంతిని రెండు చేతులతో పట్టుకుని రింగులోంచి ఓసారి దింపారు. మళ్ళీ దింపారు. నా మొహం చూశారు. "పని బాగుంది" అన్నారు. నా ఛాతీ ఉబ్బిపోయింది.

మర్నాటి నుంచి మావాళ్ళకి ఏం మాయరోగం వచ్చిందో తెలీదు. వేసిన బంతి వేసినట్టు రింగుకి కొట్టుకుని బయటికొచ్చేస్తోంది. అంతకుముందు పడేవి కూడా పడటం లేదు. నేను దిమ్మ మీంచి ఒకటే తిట్లు. "చేతులేట్రా అవి, చీపుర్లేటి?" ఒకరోజు కెప్టెన్ బంతి నా ఒళ్ళోకి విసిరాడు. "నువ్వొచ్చి ఎయ్ బావా, సూద్దాం!" వేశాను. పది వేస్తే ఒక్కటీ పడలేదు. అందరూ పడి పడి నవ్వారు. నాకు ఇంకా కోపం వచ్చింది.

మాస్టారిది మాత్రం ఒకే మాట. "ఇంకా ఎత్తుగా వెయ్యి. బంతి రింగులోకి దూరకూడదు, పైనుంచి దిగాలి." రెండు నెలలు ఇదే. కసరలేదు, విసుక్కోలేదు. కుర్రాళ్ళు భుజాలు పీకేసేదాకా వేశారు. టోర్నమెంటు ఇంక రెండు వారాలుందనగా బంతులు దిగడం మొదలైంది. సగం దిగుతున్నాయి. సగానికి మేం పండగ చేసుకున్నాం.

పోటీ ఊళ్ళో ఇంకో కాలేజీలో, చెక్క నేల పరిచిన హాల్లో. మొదటి రౌండులో మాకు తగిలింది స్టీల్ ప్లాంటు వైపు జట్టు. మమ్మల్ని ఎప్పుడూ ఇంటికి పంపేది వాళ్ళే. మల్కాపురం నుంచి మా జనమంతా ఒక్క ఆటోలో పట్టారు. వాళ్ళ జనం గ్యాలరీ నిండా ఉన్నారు, డప్పులు కూడా తెచ్చుకున్నారు.

ఆటకి ముందు మావాళ్ళు ఊరికే బంతులు వేసి చూసుకుంటున్నారు. పడుతున్నాయి. ఒకటి, రెండు, వరసపెట్టి అన్నీ. ఇనుముకి తగలకుండా వలలోకి జారిపోతున్నాయి. మొదట సంతోషమేసింది. తర్వాత అనుమానమొచ్చింది. రోజంతా ఇనుముని చూసే కన్ను నాది. ఆ రింగుని కాసేపు చూశాను. పరుగెత్తుకుంటూ మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

"మాస్టారూ, ఈళ్ళ రింగు పెద్దదండి! ఏదో తేడా సేసీసేరు, అడగండి!"

ఆయన అప్పటికే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. "వీళ్ళది సరిగ్గానే ఉందిరా. నువ్వు చేసినవే చిన్నవి."

"చిన్నవేటండి? పద్దెనిమిది కొలిసే సేసేను!"

"బయటి నుంచి బయటికి కొలిచావు. లోపలి నుంచి లోపలికి కొలవాలి. రెండు పక్కలా రాడ్డు మందం తగ్గిపోయింది."

గేట్లూ గ్రిల్సూ చేసేవాళ్ళం, మాకు బయటి కొలతే అలవాటు. గుమ్మంలో పట్టాలి కదా. మధ్యలోంచి బంతి పట్టాలన్న ఆలోచనే నాకు తట్టలేదు.

"మీకెప్పుడు తెలిసిందండి?"

"నిచ్చెన మీద ఉన్నప్పుడే."

"మరి సెప్పలేదేటండి? రెండు నెల్లు నాను ఆళ్ళని ఎన్ని తిట్లు తిట్టీసేను!"

"చెబితే అప్పుడే ఊడబీకి కోసేద్దువు. నాకు అవే కావాలి" అన్నారు. నా మొహం చూసి నవ్వారు కూడా. "తిట్లకి క్షమాపణ తర్వాత చెప్పుకో. ఇప్పుడెళ్ళి గట్టిగా కేకలెయ్యి."

దాచడం దేనికి, మావాళ్ళు గొప్పగా ఏమీ ఆడలేదు. పరుగులో వాళ్ళే ముందు, ఎత్తులో వాళ్ళే ముందు. రెండుసార్లు బంతి అప్పనంగా వాళ్ళ చేతిలో పెట్టేశారు. కానీ దూరం నుంచి వేసింది వేసినట్టు పడింది. ఇన్నాళ్ళూ కిటికీ ఊచల్లోంచి దూరినవాళ్ళకి ఒక్కసారిగా తలుపు తీసినట్టుంది. సగం ఆటకి డప్పులు ఆగిపోయాయి. మా ఒక్క ఆటో జనం అరుపులే హాలంతా.

చివరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. మా కెప్టెన్‌ని అవతలివాడు తోసేశాడు. ఎవరూ అడ్డం రాకుండా వేసుకునే రెండు బంతులు ఇచ్చారు. వాడి మతి చెడగొట్టాలని గ్యాలరీ మొత్తం లేచి గోల. మాస్టారిని చూశాను. చేతులు తొడల కిందే ఉన్నాయి, కళ్ళు మూసుకున్నారు. మొదటిది లేచింది, దిగింది. సమానం. రెండోది ఎంత ఎత్తుకి లేచిందంటే గోల చేసేవాళ్ళు కూడా నోరు తెరిచి పైకి చూశారు. దిగింది.

మిగిలిన కాసిని సెకన్లలో వాళ్ళు వేసిన బంతి రింగు అంచుకి తగిలి వెనక్కొచ్చింది. గెలిచాం.

నేను కోర్టు మీదికి ఎలా దూకానో గుర్తులేదు. కెప్టెన్‌ని పట్టుకుని "తప్పు నాది బావా, రింగు చిన్నదైపోయింది" అని ఏడుస్తున్నాను. వాడికి ముక్క అర్థం కాలేదు. "ఏటి బావా, ఓడినప్పుడు తిడతావు, గెలిస్తే ఏడుత్తావు, నీతో ఎలాగెహె?" అన్నాడు.

మాస్టారు అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టారు. గెలిచినా అదే ప్రశ్న. ఒక్కొక్కడూ అవతలివాణ్ణి గురించి చెబుతుంటే ఆ జట్టు కెప్టెన్ దూరంగా నిలబడి విన్నాడు. కాసేపటికి వచ్చి వాళ్ళ మధ్యలో కూర్చున్నాడు. "మీ బంతి అంత పైనుంచి ఎలా దిగతాదండి?" అని అడిగాడు. మాస్టారు నావైపు వేలు చూపించారు. "అదిగో, ఆ వెల్డర్ని అడుగు."

రెండో రౌండులో చిత్తుగా ఓడిపోయాం. అదీ రాయాలి. కానీ షెడ్డు మాట ఇంకెవరూ ఎత్తలేదు. కరస్పాండెంట్ జట్టు మధ్యలో నిలబడి ఫోటో దిగాడు. మాస్టారు ఆ ఫోటోలో లేరు. పిలవాలని ఎవరికీ తోచలేదు. రింగులు రెండూ మార్చేస్తానని నేను వెళితే, "ఒకటి మార్చు, ఒకటి ఉండనీ. కొత్తవాళ్ళు చిన్నదాని దగ్గర మొదలెడతారు" అన్నారు.

గురువారం ఆయన్ని సమాధి చేశాం. శనివారం కాలేజీలో సంతాప సభ. కరస్పాండెంట్ ఆ ఎన్నో విజయాల కాగితం చదివి, చివర్లో గొంతు తగ్గించి, "ఆయన లోటు ఎవరూ తీర్చలేరు. అందుచేత జట్టుని ప్రస్తుతానికి ఆపుతున్నాం. కోర్టు సంగతి కూడా ఆలోచిస్తాం" అన్నాడు. ఆలోచిస్తాం అంటే బస్సులు.

నన్నెవరూ మాట్లాడమనలేదు. లేచాను.

"అయ్యా, నాను ఈ కాలేజీవోణ్ణి కాదు. ఎల్డర్ని. మాస్టారు ఎన్నో గెలవలేదండి, ఒకటే గెలిసేరు. మొదటి రౌండు. అది దాటితే జట్టు ఉంచుతానని మీరే అన్నారు, నాను దిమ్మ మీద కూకుని ఇన్నాను. ఆయన దాటించేరు. ఆయన పోతే మీ మాట కూడా పోతాదేటండి?"

కెప్టెన్ లేచాడు. వాడిప్పుడు పోర్టులో కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. "నా డ్యూటీ తొమ్మిదికి సార్. ఆరు నుంచి ఎనిమిది దాకా నాను సూసుకుంటాను" అన్నాడు. ఇప్పటి జట్టు మొత్తం లేచింది. చివరికి అమ్మగారు లేచారు. ఆవిడ ఏడవలేదు. "సోమవారం ప్రాక్టీసు ఉందా, లేదా? ఆయన విజిల్ నా దగ్గరుంది. ఎవరికివ్వాలో చెప్పండి" అన్నారు.

కరస్పాండెంట్ ఆవిణ్ణి చూశాడు. నిలబడ్డవాళ్ళని చూశాడు. చేతిలో కాగితం మడిచాడు.

"ఉందమ్మా" అన్నాడు.

సోమవారం షాపు ఆలస్యంగా తెరుస్తానని చెప్పి వెళ్ళాను. ఆదివారమంతా వాన. గచ్చు చాలావరకు ఆరింది గానీ మూలల్లో నీళ్ళు నిలిచాయి. మాస్టారి విజిల్ కెప్టెన్ మెడలో ఉంది. చేరతామని కొత్తవాళ్ళు కూడా వచ్చారు. బంతులు ఆ నీళ్ళలోకి దొర్లి, మళ్ళీ ఆటలోకి వస్తున్నాయి. పడిన చోటల్లా పొడి సిమెంటు మీద గుండ్రంగా ఒక తడి మచ్చ. ఎండ ఎక్కుతున్నకొద్దీ ఒక్కో మచ్చా అంచుల నుంచి ఆరిపోతోంది. పూర్తిగా ఆరేలోపే దాని పక్కన ఇంకొకటి పడుతోంది.