వదిన భుజం మీది వినాయకుడు

మణవాళనగర్‌లో మా వదిన ఇంటికి పోయినవాళ్ళందరూ గోడ మీద ఆ ఫోటో చూసే ఉంటారు. ఆ పక్క ఓడ కెప్టెన్, తెల్ల యూనిఫారం, భుజాల మీద బంగారు పట్టీలు. ఈ పక్క మా వదిన, భుజాల నిండా తెల్లటి పొన్నాడై. సభల్లో పెద్దవాళ్ళకు గౌరవంగా శాలువ కప్పుతారు కదా, మన పక్క దాన్నే పొన్నాడై అంటాం. కెప్టెనే స్వయంగా కప్పినాడని మీకు చెప్పి ఉంటారు. మీరూ నమ్మి, కాఫీ తాగి, వచ్చేసి ఉంటారు.

అది పొన్నాడై కాదు. వినాయకుడు.

ఎట్లంటే చెప్తా. టీ చల్లారినా పరవాలేదు, వినండి.

ఆవడిలో ఉండే మా కూతురు శాంతికి ఆఫీసులో ఏదో స్కీములో ఇద్దరికి కప్పల్ టికెట్టు, అదే ఓడ టికెట్టు, వచ్చింది. మద్రాసు హార్బర్లో ఎక్కితే రెండు రాత్రులు సముద్రంలో తిప్పి మళ్ళీ అక్కడే దించుతారంట. దానికి లీవు దొరకలేదు. నన్నూ వాళ్ళ మేనత్తనూ, అంటే మా వదినను, పోయి రమ్మనింది. పోతా పోతా నాకొక మాట చెప్పింది. "అమ్మా, తిండి, కాఫీ, ఆటా పాటా అన్నీ టికెట్లోనే ఉన్నాయి. ఏదీ వదలొద్దు."

ఏదీ వదలొద్దని నాకు చెప్పడమంటే మేకను పిలిచి తోట గేటు తీసి చూపించడమే.

మా వదిన కాంతమ్మ ఇంకో రకం. మా ఇంటాయనకు అక్క. జన్మలో అబద్ధం చెప్పిన మనిషి కాదు. మా కుటుంబంలో ఆ డిపార్ట్‌మెంట్ మొత్తం నేనే చూసుకుంటా ఉన్నా. ఆమెకు తిండి మీద, ఆటల మీద ఆశ లేదు. ఆశంతా ఒక్కదాని మీదే. ఆఖరి సాయంత్రం కెప్టెన్ విందు ఉంటుందంట, అందరూ మంచి బట్టలు కట్టుకుని కెప్టెన్ పక్కన నిలబడితే ఫోటో తీసి ఇస్తారంట, అదీ టికెట్లోనే. శాంతి ఫోన్లో చూపించినప్పటి నుంచి వదినకు నిద్ర లేదు. వీధంతా చెప్పింది. గోడకు మేకు కూడా కొట్టించేసి బయల్దేరింది.

మీరు నవ్వొద్దు. మా ఇళ్ళల్లో జరిగిన పెళ్ళి ఆల్బమ్ ఏదైనా తీసి చూడండి, వదిన సగమే ఉంటుంది. ఎవరి భుజం వెనకాలో చెవీ కమ్మా కనపడతాయి, లేకపోతే చేతిలో సాంబారు బకెట్టుతో పక్కకు తిరిగి ఉంటుంది. నిండు మనిషిగా ఒక్క ఫోటో లేదు. ఈ ఫోటో కోసమని వాళ్ళ నాయన మగ్గం మీద చివరగా నేసిన ఎర్రచీర, జరీ అంచుది, పాత పంచెలో చుట్టి తెచ్చుకుంది. అలమారాలో తగిలించి, తాకొద్దు అని నాకు చెప్పింది. రెండుసార్లు చెప్పింది.

ఓడ సంగతి చెప్పాలంటే తిరుత్తణి కొండను తీసుకొచ్చి పక్కన పెడితే దిష్టిబొమ్మ మాదిరి ఉంటుంది. ఎక్కిన వెంటనే నేను పని మొదలుపెట్టినా. ఒక అంతస్తులో భోజనం, పై అంతస్తులో బజ్జీలు, దాని పైన ఐస్‌క్రీం. ఏ అంతస్తుకూ అన్యాయం చేయలేదు. బజ్జీల అంతస్తు నుంచి నేను దిగేటప్పుడు ఓడ ఒక పక్కకు ఒరిగింది. పైన కెప్టెన్ కంగారుపడి స్టీరింగ్ తిప్పుకున్నాడు. బాత్రూంలో చిన్న చిన్న షాంపూ బుడ్లు ఉంటే సంచిలో వేసుకున్నా. గది సర్దే ఆమె మళ్ళీ పెట్టింది, మళ్ళీ వేసుకున్నా. ఆమెది ఫిలిప్పీన్స్ దేశం, పేరు గ్రేస్. ఆమెకు తమిళం రాదు, తెలుగు రాదు. నా ఇంగ్లీషు సంగతి దేవుడికి కూడా తెలియదు.

ఆ సాయంత్రం గదికి వచ్చి చూస్తే వదిన మంచం మీద ఏనుగు. గ్రేస్ తెల్ల తువ్వాలను మడత మీద మడత పెట్టి చెవులు, తొండం అన్నీ తీర్చి కూర్చోబెట్టి పోయింది. ఓడల్లో అది ఒక మర్యాదంట. నేను నవ్వినా. వదిన మాత్రం చెప్పులు విడిచింది. కాళ్ళు కడుక్కుని వచ్చి, తొండం పైన కుంకుమ పెట్టి, కొప్పులోని మల్లెపూలు తుంచి ముందర పెట్టింది. మరునాడు పొద్దున పై అంతస్తు నుంచి అరటిపండు తెచ్చి నైవేద్యం చేసింది. గ్రేస్ మార్చుదామని చెయ్యి చాచితే వదిన అడ్డం నిలబడింది. "నో టచ్. గాడ్." వదిన జన్మలో మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అదే.

గ్రేస్ దండం పెట్టుకుని, ఒక గుడ్డసంచి నా చేతిలో పెట్టింది. సీనియర్ సిటిజన్లకు ఒక సంచి బట్టలు ఊరికే ఉతికి, ఇస్త్రీ చేసి సాయంత్రానికి ఇస్తారంట. ఎన్ని బట్టలు అని అడిగితే, సంచిలో ఎన్ని పడితే అన్ని అని సైగ చేసింది.

ఎన్ని పడితే అన్ని. ఆ మాట నేతవాళ్ళ ఇంటి కోడలితో అనొచ్చా?

మా మామ, అంటే వదినకు నాయన, తిరుత్తణి పక్కన చీరలు నేసి, మూటకట్టి, రైల్లో మద్రాసు కొట్లకు తీసుకుపోయేవాడు. ఆయన మూట కట్టడం చూడాల. మడత మీద మడత పేర్చి, మోకాలు పెట్టి నొక్కి, మూలల్లో తుండుగుడ్డలు దోపేవాడు. "మూటలో సందుంటే గాలికి కూలి ఇచ్చినట్టే" అనేవాడు. ఆఖర్న పైన ఒక ముడి. రైల్లో ఎవడైనా చెయ్యి పెట్టి చీర లాగుతాడేమోనని ఆయనే కనిపెట్టిన ముడి అది. లాగేకొద్దీ బిగుస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలోనే నాకు నేర్పినాడు.

వదిన వేడినీళ్ళ స్నానానికి పోయింది. వేడినీళ్ళు కూడా టికెట్లోనే కదా, త్వరగా బయటికి రాదు. నేను నైటీలో ఉన్నా. మిగతా బట్టలన్నీ పేర్చినా. నావి అయిపోయినాయి, వదినవి అయిపోయినాయి, విడిచినవి, విడవనివి. మోకాలు పెట్టి నొక్కితే ఇంకా చోటు. బాత్రూం తలుపు సందులోంచి చెయ్యి పెట్టి లాగిన తువ్వాళ్ళు, అదనంగా అలమారాలో పెట్టిన తువ్వాళ్ళు, అన్నీ దోపినా. ఇంకా ఒక మూల చిన్న సందు.

అలమారాలో ఎర్రచీర వేలాడతా ఉంది.

చెడ్డ బుద్ధితో కాదు, మీ మీద ఒట్టు. సాయంత్రానికి ఇస్త్రీ అయి వస్తుంది, వదిన మెచ్చుకుంటుంది అనుకున్నా. సందు పూడింది. మామను తలుచుకుని ముడి వేసినా. ఆ సంచి మోసేదానికి గ్రేస్ వల్ల కాలేదు, ఇద్దరు మగవాళ్ళు వచ్చినారు. క్రేను కూడా వచ్చిందని చెప్తే మీరు నమ్మరు కాబట్టి ఆ సంగతి చెప్పను.

వదిన స్నానం చేసి, తువ్వాలు కనపడక తడి ఒంటి మీదనే నైటీ వేసుకుని వచ్చింది. అన్నీ ఉతికేదానికి వేసినా, సాయంత్రం దాంక గదిలోనే ఉందాం, టిఫిను కూడా గదికే తెస్తారు, అదీ టికెట్లోనే అన్నా. అన్నీ అంటే ఏవేవో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

కొంచెంసేపటికి గదిలో ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. సంచిలో అంతంత కుక్కినందుకు పిలుస్తా ఉన్నారు, ఎత్తితే అదనంగా డబ్బు కట్టమంటారు అనుకున్నా. ఎత్తొద్దు వదినా, రాంగ్ నంబరు అన్నా. ఓడలో కూడా రాంగ్ నంబరు వస్తుందా అని వదిన అడిగింది. సముద్రంలోనే ఎక్కువ వస్తుంది అన్నా.

మధ్యాహ్నం గ్రేస్ తలుపు కొట్టింది. ముఖం వాడిపోయి ఉంది. "మేడం, బ్యాగ్, ప్రాబ్లం" అనింది.

"నో ప్రాబ్లం" అన్నా.

ఆమె తల అడ్డంగా ఊపి, రెండు చేతుల వేళ్ళూ మెలిపెట్టి, లాగి, ఇంకా లాగి, చేతులు విదిలించి చూపించింది. నేను ఇంకోసారి నో ప్రాబ్లం చెప్పి తలుపు వేసేసినా. ఏమంటా ఉంది అని వదిన అడిగితే, బట్టలు బాగా పిండుతా ఉన్నారంట వదినా అన్నా.

సాయంత్రమయింది. సంచి రాలేదు. మైకులో కెప్టెన్ విందుకు రమ్మని పిలిచినారు. వదిన తల దువ్వుకుని, కుంకుమ దిద్దుకుని, అలమారా తెరిచింది. తెరిచి అట్లే నిలబడింది.

"ఏమే సరోజా, నా చీర యాడ?"

వస్తుంది వదినా అన్నా.

"యాడినుంచి వస్తుంది?"

నేను కిటికీలో సముద్రం చూసినా. వదిన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మంచం చివర కూర్చుని, "మేకు కొట్టి వచ్చినానే" అనింది, మెల్లగా. ఇన్నేండ్లలో ఆమె నన్ను అన్న మాటలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు.

నాకు ఎప్పుడూ లేని బుద్ధి అప్పుడు పని చేసింది. వదినా, మన పక్క ఆడవాళ్ళు నైటీ మీద తువ్వాలు వేసుకుంటే పాల బూతు దాంక పోతారు, రేషన్ షాపు దాంక పోతారు, చుట్టాలొస్తే దాంతోనే కాఫీ ఇస్తారు. తువ్వాలు పడితే నైటీ నిండు బట్ట. కెప్టెన్ ఏమైనా రేషన్ షాపాయన కంటే గొప్పవాడా?

తువ్వాలు ఇవ్వమని వదిన చెయ్యి చాచింది. అప్పుడు గుర్తొచ్చింది, అన్నీ మూటలోనే ఉన్నాయని. గ్రేస్‌ను అడుగుదామంటే ఆమె ముఖం చూసే ధైర్యం నాకు లేదు. గది మొత్తంలో మిగిలింది ఒక్క తువ్వాలు. కుంకుమ పెట్టుకుని, అరటిపండు ముందర పెట్టుకుని, మమ్మల్నే చూస్తా కూర్చుని ఉంది.

"దేవుణ్ణి విప్పి కప్పుకోమంటావా?" అనింది వదిన.

చవితి అయినాక మట్టి వినాయకుణ్ణి నీళ్ళలో కలపమా, ఇక్కడ చుట్టూరా ఎన్ని నీళ్ళో చూడు, ఇంత గొప్ప నిమజ్జనం తిరుత్తణిలో ఎవరికైనా దొరికిందా అని ఊదరగొట్టినా. వదిన లేచి, పసుపు అక్షింతలు లేవు కాబట్టి బాత్రూంలో చేతులు కడుక్కుని వచ్చి, ఏనుగును పీటతో కదిపినట్టు కొంచెం ఉత్తరానికి జరిపింది. ఉత్తరం ఎటో ఆమెకూ తెలియదు, ఓడ తిరుగుతా ఉంది. మళ్ళీ రా స్వామీ అని కళ్ళు మూసుకుని తొండం విప్పింది. నేను మంచం మీది దుప్పటి లాగి కప్పుకున్నా. అద్దంలో చూసుకుంటే సముద్రంలోంచి లేచొచ్చిన దయ్యం నేనే.

విందు హాల్లో ఎక్కడ చూసినా తళతళ. పట్టుచీరలు, కోట్లు, సూట్లు. మధ్యలో మేము. వరుసలో మా ముందర మద్రాసు ఆమె ఒకామె, వజ్రాల ముక్కుపుడక, వెనక్కి తిరిగి వదినను కిందికీ మీదికీ చూసింది. తువ్వాలు అంచున కుంకుమ ఎర్రగా గీత పడి ఉంది, అచ్చం నేసిన అంచు మాదిరి. ఆమె చూపు అక్కడ ఆగింది. "పొన్నాడైయా అమ్మా?" అని తమిళంలో అడిగింది, గౌరవంగా.

నేను నోరు తెరిచేలోపల వదిన తల ఎత్తింది. "ఆమా" అనింది, అవునని.

ఒకే ఒక్క మాట. మా ఇంట్లో నా డిపార్ట్‌మెంట్ పోయిన క్షణం అది. ఆ ముక్కుపుడక ఆమె పక్కకు తప్పుకుని వదినకు దారి ఇచ్చింది. ఆమెను చూసి ముందున్నవాళ్ళూ జరిగినారు. కెప్టెన్ రెండు చేతులూ జోడించి వంగినాడు. ఫోటో తీసేవాడు నన్ను ఇంకొంచెం, ఇంకొంచెం అని పక్కకు జరిపినాడు. ఫోటోలో ఎడమ అంచున తెల్లగా ఒక చిన్న ముక్క కనపడుతుంది చూడండి. అందరూ పరదా అనుకుంటారు. నేనే.

మరునాడు పొద్దున తలుపు తీస్తే వాకిట్లో మా సంచి. ఎట్ల పోయిందో అట్లే వచ్చింది. ఒక్క బట్ట తడవలేదు. గ్రేస్ మళ్ళీ అదే సైగ చేసింది, వేళ్ళు మెలిపెట్టి, లాగి, విదిలించి. ఈసారి నాకు అర్థమయింది. ముడి రాలేదంట. ఉతికేవాళ్ళు లాగినారు, వంటవాళ్ళు లాగినారు, లంగరు తాళ్ళు కట్టేవాళ్ళు కూడా వచ్చి లాగినారంట. మమ్మల్ని అడగకుండా కోసేదానికి వాళ్ళకు అధికారం లేదు. అడుగుదామని ఫోను చేసినారు, మనిషిని పంపినారు. మేడం నో ప్రాబ్లం అనింది.

వదిన సంచి ముందర కూర్చుంది. ముడిని తిప్పి చూసింది. గోటితో ఒక్క చోట నొక్కి, ఒక్క పోగు పక్కకు తోసింది. జారిపోయింది. వాళ్ళ నాయన బిడ్డ కదా. మూలలోంచి ఎర్రచీర బయటికి తీసింది, మడత నలగలేదు, జరీ చెదరలేదు. ఒళ్ళో పెట్టుకుని తడిమింది.

"మిషన్లో పడి ఉంటే రంగు పోయుండు. నాయన ముడే నాయన చీరను కాపాడింది" అనింది. తర్వాత నన్ను చూసి, "నువ్వు కాదు" అని కలిపింది.

ఆ చీర కట్టుకునే ఓడ దిగింది. నేను రెండు రోజుల బట్టల వాసనతో, సంచి నిండా షాంపూ బుడ్లతో వెనకాల దిగినా.

ఇప్పుడు ఫోటో మేకు మీద ఉంది. వచ్చినవాళ్ళంతా పొన్నాడై ఎవరు కప్పినారు అని అడుగుతారు. వదిన నవ్వుతుంది, అంతే. ఆమె చెప్పకపోయినా వీధి చెప్తుంది, కెప్టెన్ కప్పినాడని. పోయిన వారం నాకు ఉండబట్టలేదు. అందరి ముందరా తువ్వాలు, వినాయకుడు, మూట, ముడి అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పేసినా. ఒక్క అక్షరం కలపలేదు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వి, సరోజక్క మళ్ళీ మొదలుపెట్టింది అనుకుంటా లేచి పోయినారు. వదిన నాకు కాఫీ గ్లాసు అందిస్తా, పాపం దానికి మొదటి నుంచీ అట్లే అలవాటు అని వాళ్ళకు సర్దిచెప్పింది.

జన్మంతా నేను కట్టి చెప్పినవన్నీ నమ్మినారు. ఒక్క నిజం చెప్తే ఒక్కరూ నమ్మలేదు. మీరైనా నమ్మండి. కావాలంటే ఓడ ఒరిగింది అన్నది ఒక్కటి తీసేసుకోండి. అదీ పూర్తిగా కాదు, కొంచెం ఒరిగింది.