ఇనుప ఎద్దు మూపురం

నా చిన్నప్పుడు ఒక పోలాల అమావాస్య నాడు, బోధన్‌లో మా వాడ నుంచి ఒక ఇనుప ఎద్దు బయలుదేరి, అసలు ఎడ్ల మధ్యన నడిచి, హనుమాన్ గుడి చుట్టూ తిరిగి వచ్చింది. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా మా ఇంట్లో ఎవరూ నమ్మేవారు కాదు. వయసు మీద పడ్డ అమ్మమ్మలు ఇలాగే కోతలు కోస్తారని మా మనవరాలి గట్టి నమ్మకం. అలాంటిది మొన్న ఆ పిల్లే ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. సముద్రాల అవతల హైతీ అనే దేశం ఉందట. అక్కడి పట్నంలో ఇరుకు గల్లీలు, రేకుల ఇళ్లు, ఇళ్ల ముందర పాత టైర్లు, కారు స్ప్రింగులు, నూనె పీపాల రేకులు. ఆ తుక్కులోంచే కొందరు కళాకారులు నిలువెత్తు బొమ్మలను లేపుతున్నారు. చుట్టూ వాడ పిల్లలు మూగి, తలా ఒక ముక్క తెచ్చి అందిస్తున్నారు. చూస్తుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. మోకాళ్ల నొప్పి సంగతి మరిచిపోయి లేచి నిలబడ్డాను. ఇది మా వాడే కదే అన్నాను. మనవరాలు ఆ రోజు మొదటిసారి కథ మొత్తం కూర్చుని విన్నది.

మా వాడ చక్కెర ఫ్యాక్టరీ వెనకాల ఉండేది. చెరుకు సీజన్‌లో ఊరికి తీపి వాసన వస్తే మాకు మడ్డి వాసన వచ్చేది. అందరూ హమాలీలు, కూలీలు, బండ్లు తోలేవాళ్లు. మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయనది ఎడ్లబండి. పొలాల నుంచి ఫ్యాక్టరీకి చెరుకు తోలేవాడు. సెంటు భూమి లేదు. ఆ బండీ, ఆ రెండు ఎడ్లే మా ఇంటి దీపం. బండికి కట్టే జతలో ఏ ఎద్దు జాగా దానిదే. ఎడమ పక్కన నడిచేది దాపటిది, కుడి పక్కన నడిచేది వలపటిది. అటుది ఇటు కడితే మొండికేసి కదలదు. ఆ ఏడాది వానలు పడుతూనే మా వలపటి ఎద్దుకు రోగమొచ్చి చచ్చిపోయింది.

అప్పటి నుంచి బాపు అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. పనికి పిలిస్తే పోడు, తిండికి పిలిస్తే సగం తిని లేస్తాడు. వాడలో వాళ్లంతా వచ్చి పాపం పాపం అని పోయారు. ప్రతి పాపానికీ ఆయన ఇంకాస్త కుంగిపోయేవాడు. మా అవ్వ, అంటే మా అమ్మ, బతిమాలింది, కోప్పడింది, చివరికి ఏడ్చింది. ఒకనాడు బాపు తల ఎత్తకుండానే తన నిర్ణయం చెప్పేశాడు. "పండుగ దాటినంక దాపటిదాన్ని అంగట్ల అమ్మేస్త. ఒంటెద్దుతోని ఏం జేస్తం." ఆ దాపటి ఎద్దు నాది. దాని పొట్టకు ఆనుకుని పాఠాలు చదువుకునేదాన్ని. ఎద్దు పోతే బండి పోతుంది, బండి పోతే చెరుకు సీజన్‌కు బాపు ఏం చేస్తాడన్నది అవ్వ దిగులు. అసలు ఆ ఎద్దు లేని ఇల్లే నా ఊహకు అందలేదు.

మా వైపు పోలాల అమావాస్య అంటే ఎడ్ల పండుగ. మహారాష్ట్ర పొలిమేర పక్కనే కనుక మరాఠీ వాళ్లూ మేమూ కలిసి చేసుకుంటాం. ఎడ్లను కడిగి, కాడి మోసి కాయలు కాసిన మెడకు పసుపూ నెయ్యీ రాసి, కొమ్ములకు రంగులేసి, జతలు జతలుగా గుడి చుట్టూ తిప్పి, ఇంటికి తెచ్చి పోలెలు, అంటే బొబ్బట్లు, తినిపిస్తాం. ఎడ్లు లేనివాళ్లు మట్టి ఎడ్లకు పూజ చేస్తారు. జత లేని ఎద్దును మాత్రం ఎవరూ బయటికి తీయరు. అంటే ఆ ఏడు మా ఇంటికి పండుగ లేనట్టే.

ఇక మా పక్కింటి తాత. సైకిళ్లు, రిక్షాలు బాగుచేసేవాడు. వాడలో ఎక్కడ ఏది విరిగినా, ఒంగినా, చిల్లుపడినా చివరికి ఆయన పెరట్లోకే చేరేది. దాన్ని ఆయన వెంటనే కొట్టడు, కోయడు. చేతిలోకి తీసుకుని ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసి, మా పిల్లలకు చూపించి, "గిది ఏమైతనంటున్నది" అని అడిగేవాడు. మేము పోటీలు పడి చెప్పేవాళ్లం. కొడవలి ముక్క కోడిపుంజు తోక అవుతానంటుంది, తాళం కప్ప తాబేలు అవుతానంటుంది. ఎవరి జవాబుకు ఆయన గొంతెత్తి నవ్వితే వాళ్లు ఆ రోజు వాడకు రాజు. నాకు నోరు ఎక్కువ కాబట్టి రాజ్యం కూడా ఎక్కువసార్లు నాదే.

పండుగ దగ్గరపడుతుండగా తాత పిల్లలందరినీ పిలిచి, ఈసారి నిలువెత్తు ఎద్దును చేద్దామన్నాడు. మా కాళ్లు నేల మీద నిలవలేదు. ఒక్కటే షరతు పెట్టాడు, ఇంట్లో ఇంకా పనికొచ్చేది ఏదీ తేవద్దు. ఇంటింటికీ తిరిగాం. ఎవరూ లేదనలేదు. వాడలో మిగతా వాటికి కరువు గానీ పనికిరాని వాటికి కరువెక్కడిది. చువ్వలు ఊడిన సైకిలు చక్రాలు పక్కటెముకలు అయ్యాయి. నూనె డబ్బాలు చీల్చి చదును చేసిన రేకు చర్మమైంది. హోటలు వాళ్ల తుప్పు పట్టిన పొయ్యి గొట్టం ఒక కాలు, నీళ్ల పంపు పైపు ఇంకో కాలు. ఒక హమాలీ అన్న చిరిగిపోయిన లారీ ట్యూబు తెచ్చాడు. తాత దాన్ని మెడ కింద వేలాడదీసి వదిలేసరికి అచ్చం గంగడోలు ఊగినట్టే ఊగింది. మేము వేసిన కేకలకు ఫ్యాక్టరీ కాపలా మనిషి కూడా వచ్చి చూసిపోయాడు. అంత పెరడు పెట్టుకుని తాత ఇదంతా మా ఇంటి ముందర, సరిగ్గా మా అరుగుకు ఎదురుగా ఎందుకు పెట్టాడని అవ్వ విసుక్కుంది. దారికి అడ్డమని గొణిగింది. బాపు మాత్రం గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

మూపురం ఒక్కటే మిగిలింది. దానికి మా అవ్వే సొట్టలు పడి చిల్లుపడిన సత్తు గిన్నె ఇచ్చింది. తాత దాన్ని బోర్లించి, ఇనుప తీగతో బిగించి కట్టాడు. ఎక్కడ కట్టాడనుకున్నారు, వీపు నట్టనడుమ. చూస్తే ఎద్దు కాదు, ఒంటె. వాడంతా పగలబడి నవ్వింది. నీళ్లకు పోయే ఆడవాళ్లు బిందెలు దించి మరీ నవ్వారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇంత కష్టపడి ఒంటెను చేసుకున్నామా అని తాతతో పోట్లాటకు దిగాను. ముసలితనంలో కళ్లు కనిపించడం లేదని కూడా అన్నాను. ఆయన చెవిటివాడిలా బీడీ వెలిగించుకుని, "ఎద్దు సంగతి నాకు జెప్పుతున్నవా పిల్లా" అని ఊరుకున్నాడు. మర్నాడూ అంతే. ఎవరు చెప్పినా వినలేదు. వచ్చేపోయేవాళ్లు ఆయన ముఖం మీదే ఎగతాళి చేశారు. చిన్నపిల్లలు ఒంటె, ఒంటె అని చుట్టూ గంతులేశారు.

బాపు ఒకసారి ఇటు చూసి తల తిప్పుకున్నాడు. కాసేపటికి మళ్లీ చూశాడు. దగ్గాడు. అరుగు మీదనే కాస్త ఇటు జరిగాడు. పొద్దు వాలుతుండగా ఇక ఆయన వల్ల కాలేదు. తుండుగుడ్డ భుజాన వేసుకుని దిగి వచ్చి ఎద్దు ముందర నిలబడ్డాడు. "కాకా, గాడ మూపురముంటే కాడి యాడ పెడ్తవే? జారి తోక మీద పడదా?" తాత అమాయకంగా గడ్డం గోక్కున్నాడు. "గట్లనా? నువ్వే సూడు మల్ల," అని పట్కారు బాపు చేతిలో పెట్టి, తాను పోయి మా అరుగు మీద, బాపు కూర్చునే చోటే కూర్చున్నాడు.

ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. బాపు తీగ విప్పి, గిన్నెను మెడ వెనకాలకు జరిపి, కాడి ఆగేంత సందు అరచేతితో కొలిచి బిగించాడు. అంతటితో ఆగలేదు. ముందరి కాళ్లు మరీ దగ్గరగా ఉన్నాయన్నాడు. నడుము ఎత్తైందన్నాడు. బండి ఎద్దు తల ఇంత పైకి పెట్టదని మెడను వంచాడు. తాడు తెమ్మని నన్ను పంపి, ఆలస్యమైతే తిట్టాడు. వారాల తర్వాత ఆయన నోటి నుంచి తిట్టు విన్నాను. తిట్టినందుకు అంత సంబరపడ్డ పిల్ల ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. అవ్వ గడపలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది, నవ్వో ఏడుపో తెలియలేదు.

పండుగనాడు బాపు మా దాపటి ఎద్దును కడిగి, గిన్నెలో పసుపూ నెయ్యీ కలిపి దాని మెడకు రాశాడు. రాస్తూ రాస్తూ అలవాటు కొద్దీ కుడి పక్కకు తిరిగి ఇనుప ఎద్దు మెడ మీద కూడా చెయ్యి వేశాడు. వేలికి చల్లటి రేకు తగిలి చెయ్యి ఆగింది. తర్వాత మిగిలిన పసుపంతా ఆ రేకు మెడకే, ఆ సత్తు మూపురానికే, మెల్లగా, పూర్తిగా రాశాడు. లోపలికి పోయి చచ్చిపోయిన ఎద్దు మువ్వల పట్టెడ తెచ్చి దాని మెడకు కట్టాడు. అప్పుడు ఏడ్చాడు. మేమూ ఏడ్చాం. తర్వాత ముక్కులు తుడుచుకుని బయలుదేరాం.

ఇనుప ఎద్దును తోపుడు బండి చక్రాల మీద ఎక్కించాం. పిల్లలమంతా వెనకనుంచి నెడుతుంటే కిర్రుమంటూ కదిలింది. అంతకుముందు దాపటిది దాని దగ్గరికి వచ్చి వాసన చూసింది. బెదురుతుందేమో అనుకున్నాం. అది గంగడోలు ట్యూబును నాకి, తన ఎడమ పక్క జాగాలోకి తానే వచ్చి నిలబడింది. ఇక మమ్మల్ని పట్టేవాళ్లు లేరు. డప్పు కొట్టేవాళ్లు రెట్టింపు కొట్టారు. గుడి దగ్గర ఒకాయన దారికి అడ్డంగా నిలబడి ఇనుపదానికి పండుగ ఏందన్నాడు. బాపు గొంతు కూడా పెంచలేదు. "గిది నా వలపటిది. జర జరుగు," అన్నాడు. ఆయన జరిగాడు.

ఒక మరాఠీ పెద్దావిడ మురిసిపోయి, వేడి వేడి పోలె తెచ్చి ఇనుప ఎద్దు రేకు నోట్లో పెట్టింది. మా దాపటిది మెడ చాచి ఆ నోట్లోంచే లాగి తినేసింది. నవ్వులతో గుడి ముందర ఎవరి మాట ఎవరికీ వినిపించలేదు. ఆ గుంపులోనే పక్క ఊరి చెరుకు రైతు ఒకాయన మా దాపటి ఎద్దు చుట్టూ తిరిగి చూశాడు. ఆయన ఇంట్లో వలపటిది ఒక్కటే మిగిలిందట. సీజన్‌కు రెండూ కలిపి కడదామన్నాడు, బండి మాది, వచ్చే కిరాయి ఇద్దరిదీ. బాపు మా అవ్వ వైపు చూశాడు. అవ్వ అప్పటికే తల ఊపేస్తోంది. మా ఎద్దు అంగడికి పోలేదు.

మర్నాడు పొద్దున పూజ సామాను సర్దుతుంటే గూట్లో కిందటి ఏటి మట్టి ఎడ్లు కనిపించాయి. పక్కింటి తాతే చేసిచ్చినవి. ఆయన ఏటా వాడ పిల్లలందరికీ చేసేవాడు. వాటి మూపురాలు చూశాను. ఒక్కొక్కటి ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే ఉంది. ఆ బొమ్మ పట్టుకుని పరుగెత్తి ఆయన ముందర నిలబడ్డాను. ఆయన దాన్నీ నన్నూ చూసి, "అరుగు మీద కూసున్నోని దగ్గరికి పోయి లెవ్వుమంటే లేస్తడా బిడ్డా," అని చక్రానికి గాలి కొట్టుకోసాగాడు.

ఇనుప ఎద్దు చాలా కాలం మా ఇంటి ముందరే ఉంది. ఎవరికి ఏ ముక్క అవసరమైతే వాళ్లు విప్పుకుపోయారు, ఎవరూ ఏమీ అనుకోలేదు. నేను పెరిగి టీచర్నై, నిజామాబాద్‌లో స్థిరపడ్డాను. క్లాసులో నోరు విప్పని పిల్ల ఉంటే బోర్డు మీద ఎద్దు గీసి మూపురం తప్పు పెట్టేదాన్ని. ఎంత మూగపిల్ల అయినా చెయ్యి ఎత్తాల్సిందే.

తాత చేసినది ఉపాయం అని చాలా ఏళ్లు నేను ఒక్కదాన్నే దాచుకున్నాను. బాపు ముసలివాడై మంచం పట్టిన రోజుల్లో ఆపుకోలేక చెప్పేశాను. ఆయన నా వైపు వింతగా చూశాడు. "నాకు తెల్వదనుకున్నవా? ఎద్దు మూపురం యాడుంటదో కాకకు తెల్వకుంటదా? నా కోసం గా ముసలాయన వాడంత నవ్వంగ నవ్వులపాలైతున్నడు. ఇంకా కూసుంటే నేనేం మనిషినే. తెలిసే లేచిన."

మొన్న ఫోను చూసిన మర్నాడు మనవరాలూ నేనూ ఇంట్లో తుక్కంతా బయటికి లాగాం. విరిగిన కూలర్ రెక్కలు, ఛార్జర్ తీగలు, అడుగు పోయిన కుక్కరు. ఆ పిల్ల కొత్త స్కూల్లో చేరినప్పటి నుంచి ముభావంగా ఉంటోంది, ఎవరితోనూ కలవడం లేదు. ఎద్దు నిలబడ్డాక కుక్కరు మూత తీసుకుని వీపు నట్టనడుమ పెట్టి తీగ చుట్టాను. మనవరాలు చూసి తల తిప్పుకుంది. మళ్లీ చూసింది. చివరికి దగ్గరికి వచ్చి నా చేతిలోంచి పట్కారు లాక్కుంది. "గాడ కాదు అమ్మమ్మా, జరుగు," అని మూత విప్పి మెడ వెనకాలకు జరిపి కడుతూ, మధ్యలో ఒకసారి తలెత్తి నన్ను చూసి నవ్వింది. కథంతా విన్న పిల్ల, దానికి తెలియకుండా ఎలా ఉంటుంది.