బూజుకర్ర

బూజు కనబడితే ప్రేమలీల చేయి ఊరుకోదు. కొంగు నడుముకు దోపి, నోరు బిగించి, నాంపల్లిలోని ఆ మూడో అంతస్తు ఇంట్లో మూలమూలా దులుపుతుంది. ఆ సాయంత్రం ప్రార్థన కూటం ఉందని బాల్కనీ కూడా వదల్లేదు. అక్కడ బట్టల తీగకు తేనెపిట్ట సగం అల్లిన గూడు వేలాడుతోంది. "అత్తయ్యా, దానికి బూజే దారం. అంతా దులిపితే గూడెట్ల అయితది?" అంది కోడలు జెర్లిన్. "మరి పాస్టరయ్యగారు బూజు కింద కూసొని వాక్యం చెప్పాల్నా?" అంటూ ప్రేమలీల గూటిని తాకకుండా, మూలనున్న బూజును ఒక్క ఊపున దులిపేసింది.

బూజంతా కర్ర కొసకు చుట్టుకుంది. అంతలో ఆడపిట్ట వచ్చి, ఖాళీ అయిన మూలను చూసి, కర్ర కొస మీదే వాలింది. వంగిన ముక్కుతో ఒక పోగు లాక్కుని గూటికి వెళ్లింది, మళ్లీ వచ్చింది. ప్రేమలీల ఎత్తిన చేయి దించలేదు. అబిడ్స్ రోడ్డు హారన్లు నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపించాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. "కూటానికి వచ్చిన్రు అత్తయ్యా," అంది జెర్లిన్. "జర మెల్లగ రమ్మను," అంది ప్రేమలీల, పెదవులు కదలనీయకుండా.