పదకొండు పేజీలు

ఆ వీధిలో ఆమెను అందరూ ఫైలింగ్ అక్క అంటారు. మెట్ల కింద చిన్న గది, ఒక కంప్యూటరు, ఒక స్కానరు. చిన్న వ్యాపారుల పత్రాలను ప్రభుత్వ రిజిస్టరులోకి ఆన్‌లైన్‌లో ఎక్కించడం పదహారేళ్లుగా ఆమె వృత్తి. చదివింది రసాయన శాస్త్రం. అందుకే కాబోలు, ఒక అంకె ఎందుకలా వచ్చిందో తేలేదాకా ఆమెకు ముద్ద దిగదు.

ఆ రోజు సబ్బులు తయారుచేసే బాబాయి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పాత అప్పు తీరింది. యంత్రాల మీది తాకట్టు విడిపోయిందన్న పత్రం ఐదింటిలోగా రిజిస్టరుకెక్కితేనే కొత్త బ్యాంకు బాయిలరుకు అప్పిస్తుంది. ఆమె పత్రం పంపిన నిమిషానికే అది తిరిగొచ్చింది: ఫీజు చాలదు.

పది పేజీల వరకు ఒక ఫీజు, ఆపైన రెట్టింపు. ఫీజుల కోసం ఆమె ముందుగా జమచేసిన ఖాతాలో ఒక్క ఫీజుకే సొమ్ముంది. ఇప్పుడు జమచేస్తే చేరేది మర్నాడే.

“ఉన్నవి ఎనిమిది కాగితాలేగా అమ్మాయ్! ఆ కంప్యూటరుకు లెక్కలు రావా?”

“దానికి వచ్చు బాబాయ్. మనకే ఏదో కనబడటం లేదు.”

“నాలుగున్నరయింది. నువ్వు పరిశోధన చేస్తూ కూర్చో, అక్కడ నా బాయిలరు చల్లారిపోతుంది.”

“కొనకముందేనా?”

తెర మీద లెక్కపెట్టింది: పదకొండు పేజీలు. స్కానరు రెండు వైపులా చూసినా, ఖాళీగా ఉన్న వెనుక వైపును వదిలేస్తుంది. మరి మూడింటిని ఎందుకు వదల్లేదు? సంతకాలున్న మూడు కాగితాలను కిటికీ వెలుతురుకెత్తి చూసింది. ఒక్కోదాని వెనుక లేత ఊదారంగు గుండ్రటి మరక. కంపెనీ ముద్ర ఇవతలికి ఇంకింది.

“ముద్ర వేశారా, మేకు దిగ్గొట్టారా?”

“గట్టిగా కొడితేనే కదా విలువ!”

ఆమె మరకను వేలితో రుద్ది, వాసన చూసింది. “సిరా ఇంతగా ఇంకదే. ఇందులో నూనె ఉంది.”

బాబాయి తల గోక్కున్నాడు. “ప్యాడు ఎండిపోయిందని మన సబ్బు నూనె రెండు చుక్కలు వేశా.”

“రెండేనా?”

“సరే, నాలుగు. ముందు పని చూడమ్మా!”

స్కానరును ఒక వైపుకే మార్చి, ఎనిమిది పేజీలూ కొత్తగా తీసి పంపింది. నాలుగూ యాభై రెండుకు అంగీకార సంఖ్య వచ్చింది. బాబాయి దాన్ని ఫోనులో బ్యాంకుకు ఒక్కొక్క అంకే చదివి వినిపించాడు. అవతలి గుమాస్తా సరిపోయిందనేదాకా ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకోలేదు.