తొట్టికి నీళ్ళు పట్టిన మనిషి

జూలైలో ఒమాన్ దక్షిణాన సలాలా కొండల మీద తుంపర మొదలవగానే గల్ఫ్ అంతా తడవడానికి అటే పరిగెత్తుతుంది. విమానంలో సీటు దొరకదు. మస్కట్ నుంచి బస్సు టికెట్ ఎనిమిది రియాళ్ళు. ఈ రోజుల్లో వెళ్ళాలనుకునేవాళ్ళు కనీసం వారం ముందు కొనుక్కోండి. నేను రెండు రోజుల ముందు వెళ్తే చిట్టచివరి వరసలో, ఇంజన్ వేడి తగిలే చోట దొరికింది. పన్నెండు గంటలకు పైగా కూర్చోవాలి. అయినా ఎక్కాను, ఎందుకంటే నేను వెళ్తున్నది తుంపర చూడటానికి కాదు. దీనమ్మ కోసం.

దీనమ్మది కోనసీమలో ఒక లంక. సలాలాలో ఒక ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా వంట చేస్తోంది. నేను నర్సుని. ఇప్పుడు మస్కట్‌లో, రువీలో ఒక క్లినిక్‌లో డ్యూటీ, హమ్రియాలో రూమ్. అంతకుముందు నాలుగేళ్ళు సలాలాలో ఉన్నాను. అక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలోనే మా ఇద్దరికీ స్నేహం. షుగరు ముదిరి మొన్న ఆమె కుడికాలి రెండు వేళ్ళు తీసేశారు. ఇక పని చెయ్యలేదని ఇంటివాళ్ళు శనివారానికి టికెట్ తీసి పంపించేస్తున్నారు. మంగళవారం నాకు ఫోన్ చేసింది.

"ఈ శుక్రవారమే ఆఖరక్కా. ఒక్కసారి బల్ల తీసుకుని ఎల్దామని ఉంది. అయ్యగారు ఒప్పుకోవట్లేదు."

బల్ల అంటే ప్రభువు భోజనం, రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. మా సంఘంలో నీళ్ళలో పూర్తిగా మునిగి బాప్తిస్మం పొందినవాళ్ళకే అది. నా సంగతే చూడండి. పసితనంలో నా తల మీద చిలకరించిన నీళ్ళు చెల్లవన్నారు. నలభై ఏళ్ళ వయసులో సలాలా చర్చి వెనకున్న సిమెంటు తొట్టిలో మళ్ళీ మునిగాను. దీనమ్మ మునగలేదు. చిన్నప్పుడు గోదావరి పాయలో పడవ తిరగబడి, తాను పట్టుకున్న చెల్లెలి చెయ్యి జారిపోయింది. అప్పటి నుంచి మోకాలు దాటి నీళ్ళుంటే ఆమెకు ఊపిరాడదు. మూడుసార్లు తెల్లబట్టలు కట్టుకుని తొట్టి మెట్టు దాకా వెళ్ళి వణుకుతూ వెనక్కి వచ్చింది. ఇప్పుడు ధైర్యం చేద్దామన్నా కాలికి తడి తగలకూడదన్నాడు డాక్టరు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ తొట్టి కడిగేది దీనమ్మే. నీళ్ళు పట్టేది దీనమ్మే. మునిగి లేచినవాళ్ళకు తువ్వాలు అందించేది దీనమ్మే. ఆరాధన అయ్యాక ద్రాక్షరసం గ్లాసులు కడిగి బోర్లించేది కూడా ఆమే. పద్దెనిమిదేళ్ళుగా కడుగుతున్న ఆ గ్లాసుల్లో ఒక్కదానితో కూడా ఆమె తాగలేదు.

సంఘ పెద్ద యోహాను అయ్యగారికి ఫోన్ చేశాను. రైసూత్‌లో ఒక గిడ్డంగిలో సూపర్‌వైజరు. చెడ్డవాడు కాదు. కాలు కుళ్ళినప్పుడు ఆమెను కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆయనే.

"సిలువ మీద దొంగకి ప్రభువు పరదైసు ఇచ్చాడు కదా, వాడు ఏ తొట్టిలో మునిగాడండీ?" అన్నాను.

"అది ప్రత్యేకం సిస్టర్. ఇది నియమం. నేను పెట్టింది కాదు" అన్నాడు. జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. స్నేహితురాలిని చూసి వస్తానని క్లినిక్‌లో సెలవడిగాను కానీ, నిజానికి నేను పోట్లాడటానికే బయల్దేరాను.

గురువారం ఉదయం ఆరింటికి రువీలో బస్సు కదిలింది. ఎనిమిది దాటాక నిజ్వా. తొమ్మిదింటికి ఆదమ్ దగ్గర ఆపి, టిఫినుకి ఇరవై నిమిషాలన్నాడు డ్రైవరు. రెండు పరోటాలు, పప్పు, చాయ్. హోటలు పక్కన మసీదు గోడకు చల్లని నీళ్ళ పెట్టె, గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు. ఇక్కడ ప్రతి మసీదు దగ్గరా ఉంటుంది. మా బస్సులోని పాకిస్తానీ డ్రైవరు తాగి గ్లాసు పక్కనున్న ఒమానీ పెద్దాయనకిచ్చాడు. ఆయన తాగి బెంగాలీ కూలీకి, అతను నాకు. నువ్వెవరివని ఎవరూ అడగలేదు. మా అమ్మ చిన్నతనంలో పెద్దిళ్ళ వాకిట్లో దోసిలి పట్టి నిలబడితే పైనుంచి నీళ్ళు పోసేవారట, చెంబు ఆమె చేతికి తగలకుండా. ఆ మాట గుర్తొచ్చి ఇంకో గ్లాసు తాగాను, దాహం లేకపోయినా. తరువాత నా ప్లాస్టిక్ సీసా నింపుకున్నాను. అప్పుడే నిర్ణయించుకున్నాను, ఈ నీళ్ళు దీనమ్మ తల మీద నేనే పోస్తానని. ఆడది, అందులో నర్సు, బాప్తిస్మం ఇస్తుందా అని ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకుందాం అనుకున్నాను.

ఆదమ్ దాటితే ఇక చూడటానికేమీ ఉండదు. రెండు వైపులా రాళ్ళు, మట్టి, అప్పుడప్పుడు ఒంటె. బైబిలు తీశాను. అయ్యగారి బోధలో నీళ్ళకు ఒకటే అర్థం, సమాధి. పాత మనిషి మునిగి చావాలి, కొత్త మనిషి లేవాలి. ఆ అర్థం లేదని నేననను. కానీ పుస్తకం నిండా నీళ్ళే కదా. నోవహు కాలంలో లోకాన్ని ముంచినవీ నీళ్ళే, ఇంట్లోంచి గెంటేసిన దాసి హాగరు పిల్లాణ్ణి ఎడారిలో బతికించిన బావిలోవీ నీళ్ళే. మోషే బండను కొడితే వచ్చిన నీళ్ళు జనంతో పాటు గొడ్లు కూడా తాగాయి. యూదులు అంటుకోని సమరయ స్త్రీ దగ్గర ప్రభువే చెయ్యి చాచి దాహమన్నాడు. ఆమె ముట్టిన కుండ అని వెనకాడలేదు. చివరి పుస్తకంలో కొత్త భూమి మీద సముద్రమే ఉండదని రాశారు. చెల్లెల్ని నీళ్ళకిచ్చిన మనిషికి అది ఎంత పెద్ద మాటో ఎప్పుడూ ఏ బోధలోనూ నేను వినలేదు.

కానా పెళ్ళి దగ్గర ఆగాను. ప్రభువు మాటతో నీళ్ళు ద్రాక్షరసమయ్యాయని అందరికీ తెలిసిన కథే. ఆ రసం ఎక్కణ్ణుంచి వచ్చిందో విందు పెద్దకు తెలియలేదు, నీళ్ళు తోడిన పనివాళ్ళకు తెలుసు అని ఒక ముక్క ఉంది. ఇన్నేళ్ళూ దాని మీదుగా దాటిపోయాను. బస్సు ఊగుతుంటే దాని కింద వంకరగా గీత గీశాను.

పన్నెండున్నరకు హైమా. భోజనం, నమాజు, అరగంట. అన్నం, చేపకూర ఒకటిన్నర రియాల్, కూర బాగుండదు, పెరుగు అడగండి. నా ముందు వరసలో కుడి చేతికి మోచేతి దాకా కట్టుతో ఒకతను కూర్చున్నాడు. పేరు మహబూబ్ బాషా, ఊరు కడప. మస్కట్‌లో, ఘాలాలో వెల్డింగు పని, సలాలాలో తమ్ముడి దగ్గర పది రోజులుండి రావడానికి వెళ్తున్నాడు. నమాజుకు ముందు అందరూ కుళాయిల దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుంటుంటే, అతను పక్కకు వెళ్ళి వంగి ఎడమచేత్తో శుభ్రమైన మట్టిని మెల్లగా తట్టి, మొహానికీ చేతికీ రాసుకుని, లోపలికెళ్ళాడు. తిరిగి వచ్చాక అడిగాను, నీళ్ళు పక్కనే ఉన్నాయి కదా అని.

"ఉండాయి మేడమ్. సైట్‌లో చెయ్యి కాలింది. నీళ్ళు తగలనీయద్దన్యాడు డాక్టరు. అట్లాంటప్పుడు మట్టితో చేసుకోవచ్చు. తయమ్ముమ్ అంటారు దాన్ని."

"చెల్లుతుందా అది?"

అతను నన్ను వింతగా చూశాడు. "ఎందుకు చెల్లదు? నా చెయ్యి కుళ్ళిపోవాలని దేవుడికేమన్నా ఉంటాదా?"

ఈ ఒక్క ప్రశ్న తీసుకెళ్ళి యోహాను అయ్యగారి ముందు పెట్టాలనిపించింది. మహబూబ్ సంచిలోంచి రెండు ఖర్జూరాలు తీసి ఇచ్చాడు.

అయిదున్నరకు తుమ్రైత్. అక్కణ్ణుంచి కొండ దిగుతుంటే ఎడారి ఒక్కసారిగా ఆగిపోయి పచ్చ మొదలైంది. అద్దాలకు పొగమంచు. కువైట్ నంబరు కారులోంచి నలుగురు పిల్లలు తలలు బయటపెట్టి నోళ్ళు తెరిచి తుంపర తాగుతున్నారు. ఏడింటికి సలాలా. టాక్సీకి రెండు రియాళ్ళు. దీనమ్మది ఇంటి వెనక గది, నాకూ అక్కడే పడక. అట్టపెట్టె సర్దేసి ఉంది, కాలి కట్టుకు తడి తగలకుండా పాలిథిన్ సంచి చుట్టుకుని మంచం మీద కూర్చుంది. సగానికి తగ్గిపోయింది మనిషి.

నేను నిలబడే సీసా తీశాను. "ఆదమ్ మసీదు దగ్గర పట్టాను. పొద్దున్నే నీ తల మీద నేనే పోస్తాను. తండ్రి పేర, కుమారుడి పేర. ఎవరాపుతారో చూస్తా."

దీనమ్మ సీసా అందుకుంది. మూత తీసింది. రెండు మాత్రలు నోట్లో వేసుకుని సగం సీసా గటగటా తాగేసింది.

"దాహంగా ఉందక్కా," అంది మూతి తుడుచుకుంటూ. "తల మీద పోయించుకుని దొంగతనంగా ఎల్లడం నాకొద్దు. నేనేం తప్పు చేశాననీ? నన్నడిగితే నా దగ్గర దేవుడున్నాడు. అయ్యగారి చేతిలో పళ్ళెం ఉంది, అంతే. రేపు చెయ్యి చాపుతాను. ఇవ్వకపోతే ఆయనిష్టం."

పోట్లాటకు వచ్చింది నేను. నాకంటే ముందే ఆమె సిద్ధమై కూర్చుంది.

శుక్రవారం ఎనిమిదింటికి ఆరాధన. చర్చిలన్నీ ఒకే ప్రహరీలో ఉంటాయి. మా హాలు మలయాళీల ఆరాధనయ్యాక మాకు, మా తరువాత ఫిలిప్పీనోలకు, అందుకే ఆలస్యం చెయ్యకూడదు. నలభై మంది ఉంటారు. దీనమ్మ ఎప్పటిలాగే చివరి వరసలో, నేను పక్కన. బోధ అయ్యాక అయ్యగారు స్వయంగా పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడిచారు. మా దగ్గరికొచ్చారు. నేను ముక్క తీసుకున్నాను. దీనమ్మ అరచెయ్యి చాపింది. ఆ చేతి వేళ్ళ మధ్య సబ్బు నీళ్ళకు ఒరిసిపోయి తెల్లబడిన చర్మం.

"దీనమ్మా, నీకు తెలుసు కదమ్మా," అన్నారాయన నెమ్మదిగా.

ఆమె చెయ్యి తియ్యలేదు. ఆయన పళ్ళెంతో ముందుకు కదిలారు. అప్పుడు నా ముక్కను రెండుగా విరిచి ఒకటి ఆ చేతిలో పెట్టాను. అయ్యగారు వెనక్కి తిరిగారు.

"సిస్టర్!"

"నాకిచ్చిన రొట్టె అయ్యగారూ. నేను పంచుకుంటున్నాను. పంచుకోమనే కదా ప్రభువు విరిచింది."

దీనమ్మ కళ్ళు మూసుకుని తింది. గ్లాసు వచ్చాక సగం తాగి ఆమెకిచ్చాను. నాలుగు చుక్కలుంటాయేమో. ఆమె చివరి చుక్క వరకూ తల వెనక్కి వాల్చి తాగింది. నాకు కన్నీళ్ళాగలేదు, కోపమూ ఆగలేదు.

బయట వరండాలో అయ్యగారు నన్ను ఆపారు. "మీ మస్కట్ సంఘానికి ఉత్తరం రాయాల్సి వస్తుంది."

"రాయండి. జరిగింది జరిగినట్టు రాయండి. ఆ గ్లాసులు ఎవరు కడుగుతున్నారో కూడా రాయండి."

ఆయన కారు వైపు వెళ్ళారు. నేను లోపలికొచ్చేసరికి దీనమ్మ సింకు దగ్గర ఒంటికాలి మీద బరువు వేసి నిలబడి గ్లాసులు కడుగుతోంది.

"ఈ ఒక్కరోజైనా వదిలెయ్యవే," అని అరిచాను.

"ఇయ్యాళ నేను తాగింది కూడా ఉంది కదక్కా ఇందులో," అంది. నవ్వుతోంది. అన్నీ ఒకేలా ఉన్న గ్లాసుల్లోంచి ఒకటి తీసి నాకు చూపించింది, మేం తాగింది అదేనట. నేను తువ్వాలు తీసుకుని తుడిచాను.

శనివారం ఏడింటికి నా బస్సు, పదకొండున్నరకు ఆమె విమానం. బస్టాండుకు రావద్దన్నా వచ్చింది, పాలిథిన్ సంచి కట్టుకుని తుంపరలోనే. మాగాయి సీసా నా చేతిలో పెట్టి, "మళ్ళీ కలుద్దాం" అనకుండా, "జాగ్రత్తక్కా" అని మాత్రం అంది. ఇక కలవలేమని ఇద్దరికీ తెలుసు.

ఒంటిగంటకు హైమాలో భోజనానికి దిగాను. నీళ్ళ పెట్టె దగ్గర ఖాళీ సీసా నింపుకుంటుంటే ఫోన్ మోగింది. యోహాను అయ్యగారు. ఉత్తరం గురించేమో, ఇక పోట్లాట మొదలుపెడదాం అనుకుని ఎత్తాను.

"సిస్టర్, వందనాలు. దీనమ్మ ఫోన్ కలవడం లేదు."

"విమానంలో ఉంటుంది. ఏం కావాలి?"

"వచ్చే శుక్రవారం ఇద్దరికి బాప్తిస్మం. ముందుగానే తొట్టి కడిగించి నీళ్ళు పట్టి చూద్దామని వచ్చాం. కుళాయి తిప్పితే చుక్క రావట్లేదు. వాల్వు ఎక్కడో ఉందట, వాచ్‌మన్‌కి తెలియదు. ట్యాంకర్ వాడి నంబరు కూడా ఆమె దగ్గరే ఉందట. మీరు నాలుగేళ్ళున్నారు కదా, మీకేమైనా తెలుసా?"

నవ్వొచ్చింది. మరుక్షణమే ఆగిపోయింది. ఆ తొట్టిలో నేనూ మునిగాను. గడ్డం దాకా ఉన్న ఆ నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. చలికాలమని వేణ్ణీళ్ళు మోసుకొచ్చి కలిపి, చేత్తో తడిమి చూసిన మనిషి పక్కనే తువ్వాలు పట్టుకుని నిలబడింది. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయని నేనూ అడగలేదు. అయ్యగారిని అనడానికి బయల్దేరినదాన్ని, పన్నెండు గంటల దారిలో ఒక్కసారి కూడా ఆ సంగతి నాకు తట్టలేదు.

బైబిల్లో నీళ్ళకు ఎన్ని అర్థాలున్నాయో నేను పండితురాలిలా చెప్పలేను. ఈ రానుపోను ప్రయాణంలో నాకు దక్కింది ఒకటే. మునిగినవాళ్ళు, ముంచినవాళ్ళు మాట్లాడుతూనే ఉంటారు. తోడినవాళ్ళను ఎవరూ అడగరు.

"నాకు తెలియదయ్యగారూ," అన్నాను. "మీకూ తెలియదు. దీనమ్మ సాయంత్రానికి హైదరాబాదులో దిగుతుంది. ఆమెకు ఫోన్ చేసి, నీళ్ళు కావాలమ్మా అని మీరే అడగండి."

"అలాగే సిస్టర్," అన్నారు.